బిస్కట్ డబ్బాలో కాగితాలు: కరోనా లాంటి రోజుల్లో ఇల్లు లేనివాళ్ల తరఫున ఎలా అడగాలి

కాచిగూడ స్టేషన్‌కి కాస్త దూరంలో మాకో జిరాక్స్ షాపు ఉంది. పైన ఇల్లు, కింద షాపు. ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్లకి కాగితాలు దాచుకునే చోటుండదు. వానకి తడుస్తాయి, లేదంటే ఏ రాత్రో సంచితో సహా పోతాయి. అందుకని కొందరు ఆధార్ కార్డులు, పాత ఆస్పత్రి చీటీలు తెచ్చి "అక్కా, నీ దగ్గర ఉంచు" అని ఇచ్చేవాళ్లు. నేను వాటిని ఒక రేకు బిస్కట్ డబ్బాలో పెట్టేదాన్ని. 2020 మార్చిలో షట్టర్ దించేనాటికి ఆ డబ్బాలో పంతొమ్మిది మంది కాగితాలున్నాయి. "ఇళ్లల్లోనే ఉండండి" అని టీవీలో చెబుతుంటే నాకు ఆ డబ్బానే గుర్తొచ్చింది.

నేను సంఘసేవకురాలిని కాదు, ఏ సంస్థలోనూ లేను. కానీ రోజూ జనం అర్జీలు టైపు చేసే పని కాబట్టి, ఆఫీసులో ఏ కాగితం కదులుతుందో, ఏది మూల పడుతుందో తెలుసు. 2020లోనూ, 2021 రెండో వేవ్‌లోనూ మా వీధి చుట్టుపక్కల ఉన్నవాళ్ల కోసం తిరిగినప్పుడు చేసిన తప్పులు, పనికొచ్చిన ఉపాయాలు ఇక్కడ రాస్తున్నాను. రేపు ఇంకో జబ్బు రావచ్చు. వరద వచ్చినా చాలావరకు ఇదే పని.

ఒక మాట ముందే చెప్పాలి. అన్నం పొట్లాలు పంచడం వేరు, వాళ్ల తరఫున అడగడం వేరు. మొదటిది చెయ్యడానికి మన హైదరాబాద్‌లో ఎప్పుడూ జనం దొరుకుతారు. ఏప్రిల్ మొదట్లో ఒక మధ్యాహ్నం మా దగ్గరికి మూడు బృందాలు బిర్యానీ పొట్లాలు తెచ్చాయి. సాయంత్రం ఎవరూ లేరు. మర్నాడూ లేరు. "రోజూ రెండు పూటలా వీళ్లకి అన్నం పెట్టే బాధ్యత ఎవరిది?" అని ఆఫీసులో అడిగి, జవాబు రాయించుకునే మనిషి మాత్రం ఒక్కరూ కనబడలేదు. ఈ రాసేదంతా ఆ రెండో పని గురించే.

ముందు లెక్క

నా మొదటి అర్జీ రెండు పేజీలు. మానవత్వం, కరుణ, భాగ్యనగరం, అన్నీ పెట్టాను. మున్సిపాలిటీ సర్కిల్ ఆఫీసులో ఒకాయన మొదటి పేరా దాకా చదివి తలెత్తాడు.

"ఎంతమందమ్మా?"

"చాలామంది ఉన్నారు సార్."

"చాలామందంటే నేను ఎన్ని పొట్లాలు రాయాలి? ఎక్కడికి పంపాలి?"

కోపం వచ్చింది కానీ ఆయన అడిగిందాంట్లో తప్పు లేదు. ఆ రాత్రి నోటుబుక్కు పట్టుకుని మళ్లీ మొదలుపెట్టాను.

లెక్క పగలు తియ్యొద్దు. పగలు మనుషులు నీడ కోసం, నీళ్ల కోసం చెదిరిపోతారు. రాత్రి పది తర్వాత గానీ, పొద్దున అయిదుకు ముందు గానీ చూడాలి. లాక్‌డౌన్‌లో రాత్రి తిరగనివ్వరు కాబట్టి నేను తెల్లవారుజామున పాలకి వెళ్లినట్టు వెళ్లేదాన్ని. మూసిన షాపుల అరుగులు, ఫ్లైఓవర్ కింద స్తంభాల వెనకాల, బస్‌స్టాపు, గుడి గోడ, దర్గా మెట్లు, ఆస్పత్రి గేటు బయట చూడాలి. ఆస్పత్రి గేటు దగ్గర ఉండేవాళ్లని చాలామంది మర్చిపోతారు. లోపల పేషెంటు ఉంటే బయట పడుకునే బంధువులు వాళ్లు. ఊరికి పోయే బస్సు లేదు, గది తీసుకునే డబ్బు లేదు. అలాంటప్పుడు వాళ్లూ ఇల్లు లేనివాళ్లే.

ఆడవాళ్లు లెక్కలో తక్కువ పడతారు. రాత్రి వెలుతురున్న చోటే కూర్చుంటారు, పడుకోరు, అందుకని ప్రయాణికుల్లా కనిపిస్తారు. స్టేషన్ ముందు ఒకావిడ మంచి చీర కట్టుకుని సూట్‌కేసు పక్కన పెట్టుకుని కూర్చునేది. నాలుగో రోజు కూడా అదే చీర అని గమనించేదాకా నాకు తట్టలేదు.

నోటుబుక్కులో ఏం రాయాలంటే: చోటు (ఎవరైనా వెతుక్కోగలిగేలా), ఎంతమంది, అందులో ఆడవాళ్లు, పిల్లలు, అరవై దాటినవాళ్లు, నడవలేనివాళ్లు, రోజూ వేసుకోవాల్సిన మందులున్నవాళ్లు. పేర్లు వాళ్లు చెబితేనే రాయండి. పిలిచే పేరు చాలు. అసలు పేర్ల జాబితా, ఆధార్ నంబర్లు ఏ వాట్సాప్ గ్రూపులోనూ పెట్టొద్దు. అది ఎక్కడికి పోతుందో మీకే తెలియదు.

2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద ఇల్లు లేనివాళ్లు దాదాపు 17.7 లక్షలని తేల్చారు. మన వీధిలో ఉన్నవాళ్లు అందులో ఉన్నారో లేదో చెప్పలేం కానీ, మన నోటుబుక్కులో మాత్రం ఉండాలి.

అడక్కుండా వాళ్ల తరఫున అడగొద్దు

మా దగ్గర ఒక పెద్దాయన ఉండేవాడు, అందరూ బండి తాత అనేవాళ్లు. మూడు చక్రాల రిక్షా బండి మీద అట్టలు, ప్లాస్టిక్ సీసాలు ఏరి కాటాకి వేసేవాడు. రాత్రి ఆ బండి మీదే పడుకునేవాడు. నేను పోరుపెట్టి తెప్పించిన మున్సిపాలిటీ వ్యాను ఏప్రిల్‌లో ఒకరోజు మధ్యాహ్నం వచ్చింది, అందర్నీ షెల్టర్‌గా మార్చిన ఒక హాలుకి తీసుకెళ్లడానికి. పదిమంది ఎక్కారు. తాత ఎక్కలేదు.

"తాతా, అక్కడ ఫ్యాను ఉంటది, అన్నం పెడ్తరు, పో."

"బండి ఇడిసి నేను రాను బిడ్డా. రేపు నన్ను ఇడిసిపెడ్తరు. బండి ఎవలిస్తరు?"

వ్యాను డ్రైవరు హారన్ కొడుతున్నాడు. పక్కనున్న స్టాఫ్ "వీళ్లకి మంచి చెప్పినా ఎక్కదమ్మా" అన్నాడు. నిజానికి తాత మాటే సరైన లెక్క. షెల్టర్ మహా అయితే రెండు నెలలు. బండి ఆయన బతుకు. నేను లోపలికి పోయి ఒక తెల్ల కాగితం మీద రాసిచ్చాను: రిక్షా బండి ఒకటి, గోనె సంచులు నాలుగు, తరాజు ఒకటి, గిన్నె ఒకటి, మా షాపు ముందు గొలుసేసి ఉంచాం, ఎప్పుడొచ్చినా ఇస్తాం. కింద నా సంతకం, షాపు రబ్బరు స్టాంపు. తాతకి చదువు రాదు. స్టాంపుని వేలితో తడిమి చూసి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి లుంగీ మడతలో దోపుకుని వ్యాను ఎక్కాడు.

షెల్టర్‌కి రానన్న ప్రతి మనిషి వెనకా ఇలాంటి ఒక కారణం ఉంటుంది. పెంచుకున్న కుక్కని రానివ్వరు. మొగుడూ పెళ్లాలని విడదీసి మగవాళ్ల షెల్టర్, ఆడవాళ్ల షెల్టర్ అంటారు. హిజ్రాలకి రెండింట్లోనూ చోటుండదు. అంతకుముందు ఎప్పుడో "బిచ్చగాళ్ల డ్రైవ్" అని పట్టుకెళ్లి పెట్టిన అనుభవం కొందరికి ఉంటుంది. 1977 నాటి భిక్షాటన నిరోధక చట్టం మన దగ్గర పుస్తకాల్లో ఉన్నదే కాబట్టి ఆ భయం ఊరికే వచ్చింది కాదు. ఇక మందు. 2020 మార్చి ఆఖర్లో కల్లు కాంపౌండ్లు, వైన్ షాపులు ఒక్కసారిగా మూసేసరికి చేతులు వణకడం, ఫిట్స్, పిచ్చిచూపులతో ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి జనం వరస కట్టారు. అది తాగుబోతు గోల కాదు, ప్రాణం మీదకొచ్చే జబ్బు. అలా వణుకుతున్న మనిషిని వ్యానులో తోసి తాళం వేసే బదులు ముందు డాక్టర్‌కి చూపించమని అడగాలి. మతి స్థిమితం లేకుండా తిరిగేవాళ్ల విషయంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఉంది. ఇల్లు లేనివాళ్లకి, దిక్కులేనివాళ్లకి మానసిక వైద్యం ఉచితం. బీపీఎల్ కార్డు లేకపోయినా సరే.

కాబట్టి "షెల్టర్‌కి వస్తావా?" అని కాదు, "నువ్వు రావాలంటే ఏం కావాలి?" అని అడగండి. వాళ్లు చెప్పిందే అర్జీలో రాయండి.

కాగితం

నా రెండో అర్జీ ఇలా ఉంది. కావాలంటే ఉన్నది ఉన్నట్టు వాడుకోండి.

"అయ్యా, కాచిగూడ స్టేషన్ రోడ్డులో (గుర్తు: ఫలానా బస్‌స్టాపు వెనక మూసిన షాపుల అరుగులు) 23 మంది ఇల్లు లేకుండా ఉంటున్నారు. వీరిలో ఆడవాళ్లు 6, పిల్లలు 2, అరవై దాటినవాళ్లు 7, నడవలేనివారు 1, షుగర్ మందు వాడేవారు 3. నిన్న రాత్రి నుంచి వీరికి ఆహారం అందలేదు. దగ్గర్లోని సులభ్ (మరుగుదొడ్డి) మూసి ఉంది. కావలసినవి: 1. రోజూ రెండు పూటలా భోజనం. 2. సులభ్ ఉచితంగా తెరిపించడం. 3. షుగర్ మందులు. 4. రాదలచినవారికి షెల్టర్, సామానుతో సహా. రేపు సాయంత్రం 5 గంటల లోపు ఎవరు వస్తారో తెలియజేయగలరు."

ఒక్క పేజీ దాటొద్దు. గడువు తప్పకుండా పెట్టండి, గడువు లేని అర్జీకి జవాబూ ఉండదు. మరుగుదొడ్డి సంగతి మర్చిపోవద్దు. అన్నం గురించి అందరూ అడుగుతారు, దీని గురించి ఎవరూ అడగరు. మా దగ్గర ఆడవాళ్లు దీనికోసమే సాయంత్రం అన్నం తినడం మానేశారు. పొట్లాలు మిగిలిపోతుంటే "తిండికి లోటు లేదు" అని రాసుకుపోయారు.

ఎవరికివ్వాలి? జీహెచ్‌ఎంసీలో అయితే సర్కిల్ డిప్యూటీ కమిషనర్‌కి, కాపీ యూసీడీ (పట్టణ సామాజిక అభివృద్ధి) విభాగానికి. షెల్టర్లు చూసేది వాళ్లే. ఈ సంగతి నాకు తెలియడానికి పది రోజులు పట్టింది, అప్పటిదాకా శానిటేషన్ వాళ్ల చుట్టూ తిరిగాను. వేరే ఊళ్లలో మున్సిపల్ కమిషనర్, మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ). ఇంకో కాపీ తహసీల్దార్‌కి, ఇంకోటి స్థానిక పోలీస్ స్టేషన్‌కి. పోలీసులకి ముందే కాగితం ఇస్తే రెండు లాభాలు: రాత్రి లాఠీతో లేపే కానిస్టేబుల్‌కి వీళ్లెవరో తెలుస్తుంది, మీరు పొట్లాలతో కనబడితే మిమ్మల్నీ ఆపరు. మా ఏరియా ఎస్సై మంచివాడు. అందరూ అలా ఉంటారని చెప్పలేను.

ప్రతి కాపీకి ఇంకో కాపీ తీసుకెళ్లి దాని మీద తేదీ, సంతకం, ముద్ర వేయించుకోండి. ఆఫీసు మూసి ఉందంటే ఈమెయిల్ పంపి, ఆ మెయిల్ ప్రింట్ తీసి దాచండి. ఫోన్ చేస్తే (జీహెచ్‌ఎంసీకి 040-21111111, ఆరోగ్యానికి 104, వృద్ధులకి 14567, పిల్లలకి 1098) ఫిర్యాదు నంబర్, మాట్లాడినవాళ్ల పేరు, టైము రాసుకోండి. ముద్ర ఉన్న కాగితం పట్టుకుని రెండోసారి వెళ్తే కుర్చీ వేస్తారు. నేను చూశాను.

"రూలేది?" అంటే

అంటారు. అప్పుడు చూపించడానికి దగ్గర పెట్టుకోవాల్సినవి కొన్ని.

2020 మార్చి 29న కేంద్ర హోంశాఖ విపత్తు నిర్వహణ చట్టం కింద ఇచ్చిన ఉత్తర్వు. లాక్‌డౌన్ వల్ల చిక్కుకుపోయిన వలస కూలీలతో సహా పేదలందరికీ తాత్కాలిక షెల్టర్, తిండి ఏర్పాటు చెయ్యాలని రాష్ట్రాలకి అందులో రాశారు. దాన్ని ప్రింట్ తీసి, ఆ వాక్యం కింద ఎర్ర పెన్నుతో గీత గీసి, అర్జీకి పిన్ చేసేదాన్ని. కొత్త జబ్బు వస్తే కొత్త ఉత్తర్వు వస్తుంది. అది వచ్చిన రోజే డౌన్‌లోడ్ చేసుకోండి.

రెండోది షెల్టర్ కొలత. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ మార్గదర్శకాల్లో లక్ష జనాభాకి కనీసం వందమందికి సరిపోయే శాశ్వత షెల్టర్ ఉండాలనీ, మనిషికి 50 చదరపు అడుగుల చోటివ్వాలనీ ఉండేది (ఆ మిషన్ 2024లో ముగిసింది). ఒక హాల్లోకి వెళ్లినప్పుడు నేను టైల్స్ లెక్కపెట్టాను. రెండడుగుల టైల్స్, ఇటు 15, అటు 20. అంటే 1,200 చదరపు అడుగులు. ఇరవైనాలుగు మందికి సరిపోయే చోట అరవైమందిని పెట్టారు. "దూరం పాటించండి" అని గోడ మీద పోస్టరు ఒకటి. "ఇరుగ్గా ఉంది" అంటే ఎవరూ వినలేదు, టైల్స్ లెక్క కాగితం మీద పెడితే మూడో రోజు పక్క హాలు తెరిచారు.

ఇంకా కదలకపోతే సమాచార హక్కు దరఖాస్తు. మామూలుగా 30 రోజులు గానీ, ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలని చట్టంలోనే ఉంది. ఎందుకు ప్రాణానికి సంబంధించిందో ఒక లైన్ స్పష్టంగా రాయాలి. ఆ పైన జిల్లా న్యాయ సేవాధికార సంస్థ, ఉచిత లాయరు, హెల్ప్‌లైన్ 15100. నాకు అంతదాకా పోవాల్సిన అవసరం ఒక్కసారే వచ్చింది.

రేషన్ గురించి చిన్న మాట. 2020లో మన రాష్ట్రంలో వలస కూలీలకి మనిషికి 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ఇచ్చారు. మంచిదే. కానీ ఫుట్‌పాత్ మీదున్న మనిషికి పొయ్యి లేదు, గిన్నె లేదు. బియ్యం అమ్ముకుంటే "చూశారా" అన్నారు. వీళ్లకి అడగాల్సింది వండిన అన్నం. అన్నపూర్ణ అయిదు రూపాయల భోజనం ఆ రోజుల్లో ఉచితంగా పెట్టారు. మా వాళ్లకి అది నడిచి వెళ్లేంత దూరంలో లేదు, అందుకని బండి మా వీధి చివర ఆగేలా అడిగాం. అడిగిన నాలుగో రోజు ఆగింది.

జబ్బు, టీకా

రెండో వేవ్ వేరే కథ. 2021 మేలో ఇంటింటి జ్వరం సర్వే పెట్టి మందుల కిట్లు ఇచ్చారు. ఇంటింటికీ అంటే ఇల్లున్నవాళ్లకే కదా. టెస్టు చేయిస్తే ఫోన్ నంబర్ అడుగుతారు, పాజిటివ్ వస్తే "ఇంట్లో వేరే గదిలో ఉండండి" అంటారు. అప్పుడు మా అరుగుల మీద ఇద్దరికి జ్వరం. నేను బస్తీ దవాఖానా ఏఎన్‌ఎం (నర్సు) దగ్గరికి వెళ్లి, "మా వీధిలో ఇంటి నంబర్ లేని ఇల్లు ఒకటుంది, అందులో ఇరవైమంది" అన్నాను. ఆవిడ నవ్వింది గానీ వచ్చింది. ఆక్సిమీటర్ వేళ్లకి పెడుతుంటే ఒకతని వేలు నల్లగా, తోలు మందంగా ఉండి రీడింగే రాలేదు. సబ్బుతో కడిగించి, కాసేపు అరచేతులు రుద్దించి, వేరే వేలికి పెడితే 88 వచ్చింది. 108కి ఫోన్ చేశాం. ఆస్పత్రిలో చేర్చేటప్పుడు పేరు "అన్‌నోన్" అని రాయనివ్వొద్దు. పేరు, మన ఫోన్ నంబరు రాయించండి. అన్‌నోన్‌గా చేరిన మనిషి వార్డు మారితే మళ్లీ వెతికి పట్టుకోలేరు.

టీకాకి పేరు నమోదు చేసే కోవిన్ సైట్లో ఏడు రకాల ఫొటో గుర్తింపు కార్డుల్లో ఒకటి ఉండాలన్నారు. ఒక కేంద్రంలో మా వాళ్లని గేటు దగ్గరే తిప్పి పంపారు. కార్డు లేనివాళ్ల కోసం ఆరోగ్యశాఖ 2021 మే 6న వేరే పద్ధతి ఇచ్చిందని నాకు తర్వాత తెలిసింది. అందులో సాధువులు, జైల్లో ఉన్నవాళ్లు, వృద్ధాశ్రమాల వాళ్లతో పాటు రోడ్డు పక్కన బిచ్చమెత్తుకునేవాళ్లూ ఉన్నారు. కార్డూ ఫోనూ ఉన్న ఒక బాధ్యుడి ద్వారా గుంపుగా నమోదు చేసి, ప్రత్యేకంగా రోజు పెట్టి వేసేవాళ్లు. ఆ కాగితం జిల్లా వైద్యాధికారి ఆఫీసులో చూపించాక పని అయింది. రెండో డోసు తేదీ నేను పెద్దక్షరాల్లో ప్రింట్ తీసి, లామినేషన్ చేసి ఒక్కొక్కరి మెడలో వేశాను. ఇద్దరు తప్ప అందరూ వచ్చారు. సమయముంటే ఇదే ఊపులో ఆధార్ కూడా చేయించండి. గుర్తింపు ఉన్న షెల్టర్ బాధ్యుడు ఆధార్ వాళ్ల నమూనాలో ఫొటో అంటించి ఇచ్చే సర్టిఫికెట్ చెల్లుతుంది.

ఫొటోలు

వద్దు. అంతే చెప్పి వదిలేద్దామనుకున్నాను గానీ ఒకటి చెప్పాలి. ఆ సూట్‌కేసు ఆవిడ ఊళ్లో అందరికీ హాస్టల్లో వంట చేస్తున్నానని చెప్పింది. పొట్లం అందుకుంటున్న ఆవిడ ఫొటో ఎవరో గ్రూపులో పెట్టారు, తిరిగి తిరిగి అది కొడుకు ఫోన్‌లోకి వచ్చింది. మర్నాడు ఆవిడ అక్కడ లేదు. ఎటు పోయిందో ఇప్పటికీ తెలియదు. ఆఫీసులో ఆధారం కావాలంటే ఖాళీ అరుగు, మూసిన సులభ్ తాళం, టైల్స్ ఫొటో తియ్యండి. మొహాలు అక్కర్లేదు.

లాక్‌డౌన్ ఎత్తేసే రోజు

దీనికి ఎవరూ ఏర్పాటు చెయ్యరు. హాలు ఖాళీ చెయ్యాలి అని పొద్దున చెప్పి మధ్యాహ్నానికి పంపేస్తారు. అందుకని షెల్టర్ తెరిచిన మొదటి వారంలోనే ఇంకో అర్జీ పెట్టండి: మూసే ముందు ఏడు రోజుల నోటీసు, ఊరికి పోయేవాళ్లకి టికెట్టు, వృద్ధులకి శాశ్వత షెల్టర్‌లో చోటు, అందరికీ పదిహేను రోజుల మందులు. మేం అడిగినవాటిలో టికెట్లు, మందులు వచ్చాయి. నోటీసు రాలేదు. శాశ్వత షెల్టర్‌లో నలుగురికే చోటు దొరికింది.

తాత మే ఆఖర్లో వచ్చాడు. ముందు నావైపు చూడలేదు, బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. చక్రంలో గాలి పోయింది. లుంగీ మడతలోంచి కాగితం తీసి నా చేతికిచ్చి "సదువు" అన్నాడు. చదివాను. రిక్షా బండి ఒకటి. చూసుకున్నాడు. గోనె సంచులు నాలుగు. లెక్కపెట్టాడు. తరాజు, గిన్నె.

"తాడేది?"

"తాడు రాయలేదు తాతా."

"ఉండె బిడ్డా. నీలం రంగుది, గట్టిది."

ఉండే ఉంటుంది. కాగితంలో నేనే రాయలేదు. బడిచౌడీకి పోయి ముప్పై రూపాయలు పెట్టి నీలం రంగు తాడు కొనుక్కొచ్చి ఇచ్చాను. లాగి చూసి, "అంత గట్టిది కాదు" అని, బండికి కట్టుకుని పోయాడు.